నిపుణుల యంత్రం మీద అన్నం కుక్కర్

ఒసాకాలోని ఒబికురా అంగళ్ల వీధిలో అధ్యక్ష పదవి గెలిచినవారికి కాక ఓడినవారికి దక్కేది. పూర్వం చీటీలు వేసేవారు. అయితే చీటీల డబ్బా పట్టుకున్న పెద్దమనిషి మేనల్లుడి పేరు ఎన్నేళ్లకూ రాకపోయేసరికి వీధిలో గుసగుసలు బయలుదేరాయి. అప్పుడు వీడియో గేముల హాలు యజమాని తారుమి, "మా హాల్లో కొట్లాట యంత్రం ఉంది, దానికి మేనల్లుళ్లు లేరు" అన్నాడు. చీటీల డబ్బా ఆనాడే మూలకు చేరింది. నాటి నుంచి ఏటా మార్చి చివరి ఆదివారం నాడు, అధ్యక్షత ఇంకా చేయని దుకాణదారులందరూ ఆ యంత్రం ముందు కూర్చుని తెరమీద ఒకరినొకరు తన్నుకోవడమూ, అందరికంటె హీనంగా ఓడినవారు ఏడాదిపాటు వీధి భారం మోయడమూ ఆచారమైంది. ఒబికురావారికి ఇందులో వింతేమీ కనిపించదు. ఇంకా చీటీలు వేసుకుంటున్న వీధులను చూసి వారే జాలిపడతారు.

ఈ ఏడు మిగిలినవారు ఇద్దరే. ఒకరు ఊరగాయల అంగడి ఒరిబే కినుయో బామ్మ. రెండవవారు ముద్రలు చెక్కే కుజే నొరిహితో.

కుజేకు యాభై దాటాయి. పినతండ్రి పోయాక అంగడి చేతికి వచ్చింది. కొత్తవారికి వీధి ఇచ్చే మూడేళ్ల వెసులుబాటు ఆ చలికాలంతో తీరిపోయింది. ముద్రలు చెక్కడమంటే మాటలతో పనిలేని వృత్తి. వచ్చినవారు కాగితం మీద పేరు రాసి ఇస్తారు, వెళతారు, మళ్లీ వచ్చి ముద్ర పట్టుకుపోతారు. వేలెడంత కొయ్య కొనమీద ఆ పేరును అద్దంలో కనబడినట్టు తిప్పి చెక్కుతూ రోజులకు రోజులు పెదవి విప్పకుండా గడిపే అవకాశం ఇచ్చినందుకే ఆయన ఆ వృత్తిని ప్రేమించాడు. ఎదుట ఇద్దరికి మించి మనుషులుంటే ఆయన గొంతు ఆయనను విడిచి ఎటో వెళ్లిపోయేది. ఒకసారి చెల్లెలి పెళ్లి విందులో నాలుగు మాటలు చెప్పమని నిలబెడితే, ఎంతకీ మాట రాక అలాగే నిలబడిపోయాడు. అతిథులు దానిని పోయిన పెద్దల కోసం పాటిస్తున్న మౌనంగా భావించి, గ్లాసులు దించి, తలలు వంచారు. వరుని మేనత్త కళ్లు కూడా ఒత్తుకుంది.

అటువంటి మనిషికి అధ్యక్ష పదవి ఎందుకు మృత్యువుతో సమానమో ఒబికురాలో ఒక్క ఉదయం నిలబడితే తెలుస్తుంది. కప్పు వేసిన ఆ వీధి పొడవునా స్తంభస్తంభానికీ ఒక లౌడుస్పీకరు కట్టి ఉంటుంది. ప్రతి ఉదయం పది గంటలకు అధ్యక్షులవారు వాటిలోంచి వీధికి శుభోదయం చెప్పాలి. వాతావరణం చెప్పాలి. ఆనాడు ఏ అంగట్లో ఏది చవకో చెప్పాలి. ఆపైన జనం నవ్వేటట్టు ఒక ఛలోక్తి విసరాలి. ఒసాకాలో మొదటివన్నీ మరిచిపోయినా మన్నిస్తారు, ఛలోక్తి మరిచిపోతే మన్నించరు.

తప్పుకుందామా అంటే అదీ కుదరదు. వెనకటికి ఈల్ చేపలు కాల్చి అమ్మే ఒకాయన పదవి వద్దని ముఖం మీదే చెప్పేశాడు. వీధి ఆయనను పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు నుంచి ఆయనతో పరిపూర్ణమైన మర్యాదతో మెలిగింది. ఆ మర్యాదను తట్టుకోలేక ఆయన మకాం కోబేకు మార్చుకున్నాడు.

ఇక బామ్మను గెలుద్దామా అంటే, డెబ్బై తొమ్మిదేళ్ల ఒరిబే బామ్మ ఆ యంత్రం ముందు ఇంతవరకు ఓడి ఎరగదు. కసాయివాడు ఓడాడు, కళ్లజోళ్లాయన ఓడాడు, ఇప్పుడు మైకులో మాట్లాడుతున్న కొరొక్కె అనే ఆలుగడ్డ కట్లెట్ల అంగడి సుబాకిహర సైతం ఆమె చేతిలో ఓడినవాడే. గెలిచిన ప్రతిసారీ ఆమె పెద్దగా నిట్టూర్చి, ఏప్రను దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేది. అంతటి గెలుపును అంత తేలికగా తీసుకునే మనిషిని చూసి వీధికి భయం పట్టుకుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కుజే అంగడి మూసి, మందుల షాపు పక్కనున్న గేముల హాలు మెట్లెక్కాడు.

"దారి తప్పారా కుజే గారూ?" అన్నాడు తారుమి. "మందుల షాపు పక్కది."

"నేర్చుకుందామని."

"ఏది?"

కుజే తెరమీద ఒకడు ఇంకొకడిని గాలిలోకి ఎగరేసి తన్నుతున్న వైపు వేలు చూపించాడు. తారుమి కాసేపు ఆయనను పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించాడు.

"బామ్మతోనా? పాపం. సరే, మీలాంటివాళ్ల కోసమే ఒక యంత్రం వేరే పెట్టాను. అదిగో, బోర్డు చూడండి. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రమే. అక్కడ కూర్చోండి, మీకేం భయంలేదు."

"ఆ పక్కది?"

పక్కన అలాంటిదే ఇంకొక యంత్రం. దానిమీద 'నిపుణులకు' అని బోర్డు. బోర్డు కింద, బటన్ల పలకమీద, ఆవిరి కక్కుతూ ఒక అన్నం కుక్కర్.

"అక్కడెవరూ కూర్చోరండీ. పెట్టి ఇన్నేళ్లయింది, ఒక్కడంటే ఒక్కడు కూర్చున్న పాపాన పోలేదు. ప్లగ్గు ఖాళీగా ఉందని అన్నం వండుకుంటున్నాను."

యంత్రాలు జంటలుగా, వీపుకు వీపు ఆనించి ఉంటాయి. ఆడేవారికి తమ తెర కనబడుతుంది గాని ఎదుటి మనిషి కనబడడు. కుజే నాణెం వేశాడు. పాతికమంది వీరుల బొమ్మలు ప్రత్యక్షమయ్యాయి. వారిలో ఎవరిని ఎన్నుకోవాలో తెలియక మెరుస్తున్న గీత మొదటే ఎవరిమీద నిలిచి ఉందో వాడినే ఒప్పుకున్నాడు. వాడు తొబికిచి. భుజాన కొక్కెంకర్ర వేసుకుని, చంకలో నీళ్లబాన పెట్టుకుని మంటలార్పే వీరుడు. ఆవల వైపున ఎవరో అప్పుడే కూర్చున్నారు. గంట మోగింది. తొబికిచి గాలిలోకి లేచాడు. లేచినవాడు మళ్లీ నేలమీదికి దిగింది శవంగానే.

మరుక్షణం యంత్రం వెనకనుంచి ఒక యువతి వచ్చి నడుం దాకా వంగింది. దంతవైద్యుని దగ్గర పనిచేసే మితరాయ్ సాయే. మెడలో పళ్ల బొమ్మ ఉన్న గుర్తింపు కార్డు అలాగే వేలాడుతోంది.

"క్షమించండి, చాలా ఇబ్బంది పెట్టాను. నేనింకా నేర్చుకుంటున్నదాన్ని."

"నేనూ కొత్తవాడినే," అన్నాడు కుజే వంగుతూ.

"అయ్యో, మీరలా అనకూడదు."

ఆట కంటె నమస్కారాలకే ఎక్కువ సేపు పట్టింది. ఆమె తర్వాత తెల్లని చేతితొడుగులు వేసుకున్న ఒక లావుపాటి మనిషి కూర్చున్నాడు. ట్రాము నడిపే యగురా. ఆయన తొబికిచిని ఇంకా మర్యాదగా, ఒక్క బటను కూడా చప్పుడు కాకుండా చంపాడు. "తప్పయిపోయిందండీ, ఇంకా చేతకావడం లేదు," అని ఆయనా వంగాడు.

వారం రోజులు ఇదే తంతు. కుజే కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు గాని ఎలా చస్తున్నాడో కూడా ఆయనకు అర్థం కాలేదు. చివరికి తారుమిని పక్కకు పిలిచాడు.

"ఈ కొత్తవాళ్లు ఎప్పటినుంచి కొత్తవాళ్లు?"

"సాయే గారా? బడి యూనిఫాంలో వచ్చేది. యగురా గారు ఇరవై ఏళ్లకు పైమాటే. ఆయనకు దేశం మొత్తంమీద పోటీలో కప్పు వచ్చింది. అడిగితే ఆ రోజు ఎదుటివాళ్లందరికీ జలుబు చేసిందంటాడు."

"మరి అక్కడికి మారరా?" కుజే కుక్కర్ వైపు చూశాడు.

తారుమి నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఎలా మారతారండీ? 'ఇక నేను కొత్తవాడిని కాను' అని ఏ ముఖం పెట్టుకుని లేస్తారు? ముందు ఒకాయన ఇంకొకాయనతో 'మీరు మారండి' అన్నాడు. ఆయన 'మీరుండగా నేనా' అన్నాడు. అదిగో, అక్కడే ఆగిపోయారు."

నిజమైన కొత్తవాడికి చోటులేని చోటు ఏదైనా ఉంటే అది కొత్తవారి యంత్రమేనని కుజేకు అర్థమైంది. హాలంతటిలో నిర్భయంగా, ఎవరితోనూ తన్నులు తినకుండా, ఒక్కడే కూర్చుని తాపీగా నేర్చుకోగలిగిన స్థలం ఒకటే ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఆయన వెళ్లి అన్నం కుక్కర్‌ను రెండు చేతులా ఎత్తాడు. కింద పెడదామంటే ప్లగ్గు తీగ పొట్టిగా ఉంది. ప్లగ్గు పీకితే తారుమి భోజనం చెడుతుంది. మీమాంస చేసి చేసి, కుక్కర్‌ను ఒళ్లో పెట్టుకుని నిపుణుల యంత్రం ముందు కూర్చున్నాడు.

హాలంతా బటన్లు వదిలి ఇటు తిరిగింది.

ఎదురుగా ఎవరూ లేరు కనుక యంత్రమే ప్రత్యర్థి అయింది. కుజే కుడిచేయి బటన్లను అందుకోవాలంటే కుక్కర్ మూత అడ్డం వస్తోంది, మూతలోంచి వేడి ఆవిరి మణికట్టుకు తగులుతోంది. అందుచేత కుడిచేత్తో కుక్కర్‌ను వాటేసుకుని, ఎడంచేత్తో జాయ్‌స్టిక్‌ను వెనక్కి లాక్కుని, ఏంచేయాలో ఆలోచిస్తూ ఉండిపోయాడు. ఆశ్చర్యమేమిటంటే తొబికిచి చావలేదు. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. యంత్రం పంపిన మల్లుడు గుద్దాడు, తన్నాడు, రొప్పాడు. తొబికిచికి చీమ కుట్టినట్టయినా లేదు.

కుజే వెనక ఎప్పుడో జనం చేరారు.

"బటన్లు ముట్టుకోవడమే లేదు," అని ఎవరో గుసగుసలాడారు.

"ముట్టుకునే అవసరం లేదు కనుక."

"వేడి కుక్కర్ ఒళ్లో పెట్టుకున్నారు. మనసు నిగ్రహించుకోడానికి కాబోలు."

"వారమంతా కావాలనే ఓడారన్నమాట. మన స్థాయి చూడ్డానికి."

యగురా చేతితొడుగులు తీసేశాడు. ఆయన చేతులు ఎలా ఉంటాయో హాలువారు చూడడం అదే మొదలు.

"నాకు నిజంగానే రాదండీ," అన్నాడు కుజే. ఎదుట ఇద్దరికి మించి ఉండడంచేత అంతకు మించి మాట పెగల్లేదు.

"విన్నారా?" యగురా తక్కినవారి వైపు తిరిగాడు. "వినయమంటే అదీ. మనం ఇన్నాళ్లూ కొత్తవాళ్లమని చెప్పుకున్నాం. ఆయన అక్కడ కూర్చుని చెబుతున్నారు."

ఆ మర్నాటినుంచి విద్యాభ్యాసం మొదలైంది, కాని తలకిందులుగా. ఒబికురాలో నిపుణుడు ఇంకొకరికి పాఠం చెప్పడమంటే పరమ అహంకారం. నిపుణుడు పెద్దవారికి పాఠం అప్పజెప్పడం మాత్రం ఎంతైనా మర్యాద. ఇన్నేళ్లుగా అప్పజెప్పించుకునేవారు లేకపోవడమే ఆ హాలుకు పట్టిన దరిద్రం. ఇప్పుడు దొరికారు.

సాయే ముందుగా వచ్చి పక్కన ముక్కాలిపీట వేసుకుంది. "పెద్దవారు, తప్పుంటే దిద్దండి. దెబ్బ పైనుంచి వస్తే జాయ్‌స్టిక్ వెనక్కి పట్టుకుని నిలబడి కాచుకోవాలి. కాళ్లకు వస్తే వెనక్కీ కిందికీ పట్టుకుని కూర్చుని కాచుకోవాలి. ఎదుటివాడు ఎగిరాడా, మళ్లీ లేవాలి. అంతేనా అండీ?"

కుజే ఏం చెప్పాలో తోచక తెరవైపు చూస్తూ ఊరుకున్నాడు.

"తొందరగా చెప్పేశాను కదూ? అదే నా దోషం. మళ్లీ చెబుతాను, ఈసారి చేసి చూపిస్తాను." ఆమె ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క దెబ్బనూ విడదీసి, చిన్నపిల్లలకు పళ్లు తోమడం నేర్పినంత ఓపికగా చూపించింది. కుజే ఇంకా మౌనంగానే ఉన్నాడు. "మీకు తృప్తి కలగలేదు," అని ఆమె మరీ నెమ్మదిగా మూడోసారి మొదలుపెట్టింది. అలా మౌనం వహించిన కొద్దీ పాఠం తేటపడుతూ వచ్చింది. ప్రపంచంలో ఏ గురువూ ఏ శిష్యుడికీ అంత విపులంగా నేర్పి ఉండడు. సాయంత్రాలు యగురా వంతు.

"ఒకటి అడగనా అండీ? కొత్తవాళ్లు ఎందుకు ఓడతారంటే బటన్లు నొక్కకుండా ఉండలేక. అవునా? ఎదుటివాడు చెయ్యి చాపి, వెనక్కి తీసుకునే రెప్పపాటు ఉంటుంది చూడండి, అప్పుడొక్కటే కొట్టాలి. ఈ మధ్య బటను, తన్ను. ఇదొక్కటి చాలు. తక్కినదంతా డాబు. నేను పొరబడితే చెప్పండి."

కుజే తల ఊపాడు. యగురా కళ్లు చెమర్చాయి. అప్పజెప్పిన పాఠాన్ని ఒకరు ఒప్పుకోవడం ఆయన ట్రాము జీవితంలోనూ ఆట జీవితంలోనూ ఎన్నడూ జరగలేదు.

మార్చి నడిమికల్లా కుజే కాచుకోవడంలో ఆరితేరాడు. కొట్టడం రాలేదు గాని, అది ఆయన స్వభావంలోనే లేదు. బటను మీద వేలు ఆనించి నొక్కకుండా ఉండడం ఆయనకు కొత్త విద్య కాదు. కొయ్యమీద ఉలి ఆనించి, గీత కుదిరేదాకా నొక్కకుండా ఉండడమే ఆయన బతుకు. ఒళ్లో కుక్కర్ లేకపోతే మాత్రం కుదురు చిక్కేది కాదు. తారుమి ఆ సంగతి గ్రహించి అన్నం వండే వేళను ఆయన రాకకు అనుగుణంగా మార్చుకున్నాడు.

చివరి ఆదివారం వచ్చింది. వీధి వీధంతా అంగళ్లు సగం తలుపులు దించి హాలులో చేరింది. సుబాకిహర వేడివేడి కొరొక్కెలు పంచుతున్నాడు. రేపటినుంచి మైకు బెడద వదులుతుందన్న ఆనందం ఆయన ముఖాన నూనెతో పాటు మెరుస్తోంది. ఒరిబే బామ్మ ముల్లంగి వాసనతో, చంకలో మెత్తతో వచ్చి, మెత్త వేసుకుని కూర్చుంది.

"కుజే గారూ, మీరు చాలా నేర్చుకున్నారట. నేను ముసలిదాన్ని, నాకేం తెలుసు. కాస్త గట్టిగా కొట్టండేం?"

"నేనూ కొత్తవాడినే బామ్మగారూ."

"అందరూ అదే అంటారు. అని ఓడిపోతారు." ఆమె నిట్టూర్చింది.

ఇద్దరికీ మెరుస్తున్న గీత తొబికిచి మీదనే నిలిచింది. ఇద్దరూ వాడినే ఒప్పుకున్నారు. తెరమీద ఎర్ర బానవాడూ నీలి బానవాడూ ఎదురెదురుగా నిలిచారు. గంట మోగింది.

బామ్మ ఆడే పద్ధతి ఏ పాఠంలోనూ లేదు. ముల్లంగికి ఉప్పు పట్టించేటప్పుడు ఎలా రుద్దుతుందో, రెండు అరచేతులతో బటన్ల పలక మొత్తాన్నీ అలాగే రుద్దుతోంది. ఎర్ర తొబికిచి ఒకేసారి గుద్దుతూ, కూర్చుంటూ, లేస్తూ, తనను తాను తన్నుకోబోయినట్టుగా గంతులేస్తున్నాడు. ఇన్నేళ్లుగా కొద్దో గొప్పో నేర్చుకుని వచ్చిన ప్రతి దుకాణదారుడూ ఆలోచించి కొట్టబోయి ఈ ఆలోచన లేని వానలో కొట్టుకుపోయాడు. కుజే మాత్రం కొట్టబోలేదు. పైన వస్తే నిలబడ్డాడు, కింద వస్తే కూర్చున్నాడు. బామ్మ దెబ్బలన్నీ నీలి తొబికిచి మోచేతులమీద కురిసి జారిపోయాయి. గడియారం సున్నాకు వచ్చింది. ఇద్దరి ప్రాణాలూ చెక్కుచెదరలేదు.

"మొదటి పట్టు సమం!" అని తారుమి అరిచాడు.

రెండవదీ అలాగే ముగిసింది.

"ఏంటిది తారుమి గారూ, ఇలా అయితే రేపు నేనే మాట్లాడాలా?" అన్నాడు సుబాకిహర, పంచబోయిన కొరొక్కెను తానే కొరికేస్తూ.

"ఇదే ఆఖరి పట్టు. ఇందులోనూ సమానమైతే యంత్రం ఊరుకోదు. ఇద్దరూ ఓడినట్టే రాస్తుంది."

ఆ మాట కుజే చెవిన పడింది. ఇప్పుడు కాచుకుంటే మైకు, కొట్టబోయి తప్పినా మైకు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఒక్క తన్ను చాలు. సరైన వేళకు ఒక్కటి తగిలితే ఏ పది గంటలకూ ఏ స్తంభంలోంచీ ఆయన గొంతు వినబడనక్కరలేదు, జీవితాంతం నోరు మూసుకుని ముద్రలు చెక్కుకోవచ్చు. పోటీనాడు వంట లేదు కనుక చేతికి ఆనడానికి కుక్కర్ లేదు. ఒళ్లంతా తేలికై, గాలికి పోతున్నట్టుంది. అయినా కాచుకుంటూనే, రెండు యంత్రాల నడుమ సందులోంచి బామ్మ ఏప్రను అంచు కనిపించే చోటికి చెవినీ కంటినీ అప్పగించాడు. కాసేపటికి అర్థమైంది. కొంతసేపు రుద్దాక ఆమె చేతులను ఏప్రనుకు తుడుచుకుంటుంది. తుడుచుకునే ఆ రెప్పపాటులో ఎర్ర తొబికిచి చేతులు వేలాడేసి నిలబడతాడు. యగురా అప్పజెప్పిన రెప్పపాటు అదే.

గడియారంలో చివరి అంకెలు దొర్లుతున్నాయి. బామ్మ రుద్దింది, రుద్దింది, చేతులు ఏప్రను మీదికి వెళ్లాయి. కుజే మధ్య బటను నొక్కాడు. జీవితంలో ఆయన తనంత తానుగా చేసిన మొదటి దాడి అది.

సరిగ్గా ఆ క్షణంలోనే, ఏప్రను కొంగు వెతుక్కుంటున్న బామ్మ మోచేయి జారి మధ్య బటను మీద పడింది.

ఇద్దరు తొబికిచిలూ ఒకే కాలు ఎత్తారు. ఒకే చోట తన్నారు. ఒక్క మాదిరిగా వెల్లకిలా పడ్డారు, రెండు బానలూ ఒక్కసారే దొర్లిపోయాయి. గడియారం సున్నా చూపింది. ఇద్దరి ప్రాణరేఖలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్క మేరనే తరిగి ఉన్నాయి. ఆపైన రెండు తెరలమీదా ఒకే అక్షరాలు వెలిగాయి: ఓడిపోయారు.

యంత్రం ఆవలినుంచి ఒక కేక లేచింది.

"ఓడిపోయానా? నేను? సరిగ్గా చదవండి నాయనా, నా కళ్లద్దాలు లేవు!"

"ఓడిపోయారు బామ్మగారూ," అన్నాడు తారుమి, ఓదార్పుగా.

బామ్మ మెత్తమీదనుంచి లేచి ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఓడిపోయాను! ఓడిపోయానర్రా! ఇన్నేళ్లుగా ఓడిపోదామని చూస్తుంటే ఒక్క వెధవా గెలిచి చావడే! చేతికొచ్చినట్టు నొక్కుతాను, అయినా పడిపోతారు. కసాయాయన అయితే అర నిమిషం కూడా నిలవలేదు. మైకులో మాట్లాడాలని నాకెంత ఉంటుందో మీకేం తెలుసు?"

సుబాకిహర నోరు తెరిచాడు. "మరి కావాలని ఒక్క మాట అడగకపోయారా? నేను ఏడాదంతా నిద్రపోలేదు!"

"పదవి కావాలని నోరు విడిచి అడగమంటావా? సిగ్గుండద్దూ మనిషన్నాక?"

"పోనీ చేతులు తీసేసి కూర్చుంటే ఓడిపోయేవారుగా?"

హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. సాయే చెవులు మూసుకుంది. కావాలని ఆట వదిలెయ్యడం కంటె నీచం ఆ కప్పు కింద లేదు.

"ఎదుటివాడి ముఖాన ఉమ్మమంటావా?" అన్నది బామ్మ. "నేను అలాంటి కడుపున పుట్టలేదురా కొరొక్కె అబ్బాయీ. ఓడితే నిజాయితీగా ఓడాలి."

పెద్దలు అక్కడికక్కడే సమావేశమయ్యారు. ఓడినవారు ఇద్దరు కనుక అధ్యక్షులూ ఇద్దరేనన్నారు. మాట్లాడేది బామ్మ అయినా, ఇద్దరి నోటా పలుకు రాకపోతే శుభోదయం సగమే అవుతుందని, చివర్లో కుజే గారు రెండు మాటలు చెప్పి తీరాలనీ తీర్మానించారు. గెలవలేకపోయిన మనిషికి ఎదురు చెప్పే హక్కు లేదు.

మర్నాడు, ఏప్రిల్ మొదటి తేదీ ఉదయం, వీధి మొగలో మెట్లపైనున్న గాజుగదిలో ఇద్దరూ మైకు ముందు కూర్చున్నారు. మైకు స్విచ్చు కుజే చేతికిచ్చారు. తారుమి, అడగకుండానే, అన్నం కుక్కర్‌ను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి వెళ్లాడు.

బామ్మ మొదలుపెట్టింది. వాన రాదని చెప్పింది, వస్తే రావచ్చనీ చెప్పింది. ముల్లంగి ధర చెప్పబోయి తన పిత్తాశయం సంగతి చెప్పింది. చనిపోయిన భర్త గురకనుంచి చెప్పుల షాపు తగ్గింపు అమ్మకానికి దూకింది. చేతికొచ్చిన బటన్లన్నీ ఒకేసారి నొక్కినట్టు మాటలు వచ్చిపడుతున్నాయి. వీధిలో జనం నడక ఆపి పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. తర్వాత నవ్వడం ఆపి ఎప్పుడు ముగుస్తుందా అని స్తంభాలవైపు చూడసాగారు.

కుజే కాచుకుని కూర్చున్నాడు. ఎడతెగని ఆ ప్రవాహం మధ్యలో ఒకచోట, బామ్మ ఊపిరికి ఆగి చేతులను ఏప్రనుకు తుడుచుకుంది. కుజే మైకును తనవైపు తిప్పుకున్నాడు. ఎర్రదీపం ఆయన కళ్లలోకి చూసింది.

మాట రాలేదు. గాజుగదిలోంచి వీధి పొడవునా వందల తలలు కనిపిస్తున్నాయి. ఆయన కుక్కర్‌ను పొట్టకు హత్తుకున్నాడు. స్తంభస్తంభంలోంచీ నిశ్శబ్దం, నిశ్శబ్దం వెనక సన్నగా అన్నం ఉడుకుతున్న చప్పుడు, వీధంతటా పరుచుకుంది.

మొదట పచ్చిచేపల అంగడాయన కత్తి కింద పెట్టి తల వంచాడు. ఆయనను చూసి కళ్లజోళ్లాయన, ఆపైన సంచులు పట్టుకున్న ఆడవారు, సైకిలు దిగిన తపాలా మనిషి, నోట్లో కొరొక్కె ఉన్న సుబాకిహర తలలు వంచారు. ఎవరికి ఎవరు జ్ఞాపకం వచ్చారో తెలియదు గాని, ఒబికురా వీధి ఆ ఉదయం తనకున్న గోల అంతా మింగేసి నిలబడింది. కుజే చూస్తూ ఉన్నాడు. ఒక తల లేచింది. ఇంకొకటి లేచింది. మూడవది లేవబోతున్న ఆ రెప్పపాటులో ఆయన స్విచ్చు నొక్కి మైకు ఆపేశాడు.

కిందికి దిగివస్తే సుబాకిహర ఎదురొచ్చి రెండు చేతులా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఏడాదంతా మాట్లాడాను. ఒక్కనాడూ నేనిది చెప్పలేకపోయాను."

వెనకనుంచి బామ్మ మెట్లు దిగుతూ, ఏప్రను సర్దుకుంటూ అంది:

"బాగానే ఉంది గాని కుజే గారూ, రేపు ఇంకొంచెం పొడుగ్గా మాట్లాడండి. మొదటిరోజు కదాని తొందరపడ్డారు."